ఒకే ఊళ్లో ఇద్దరు విలియంలు: మా అత్తగారి పూర్వీకుడు ఎవరో తేల్చుకోవడం ఎలా?

కావెంట్రీవాసి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను ఇరవై రెండేళ్లుగా ఇంగ్లండులో, కావెంట్రీ దగ్గర ఉంటున్నాను. నా భార్య ఆంగ్లేయురాలు. మా అత్తగారికి డెబ్బై ఎనిమిదేళ్లు. తన పుట్టింటివారు అసలు ఏ ఊరివారో, ఎవరి సంతతో తెలుసుకోవాలని ఆమెకు చాలాకాలంగా కోరిక. "మీవాళ్లకు ఏడు తరాల పేర్లు నోటికి వస్తాయట కదా" అని ఆమె నాతో అన్నప్పుడు, మా నాన్నగారి తద్దినంనాడు మూడు తరాల పేర్లు చెప్పడానికే పురోహితుడి మొహం చూసే నేను కాదనలేక ఈ పని నెత్తికెత్తుకున్నాను.

1837 జులై 1న ఇంగ్లండులో ప్రభుత్వ జనన మరణ వివాహ నమోదు మొదలైంది కాబట్టి అక్కడిదాకా పని సులువుగానే సాగింది. ఆ తరువాతి పెళ్లి సర్టిఫికెట్లలో వధూవరుల తండ్రుల పేర్లు, వృత్తులు ఉంటాయి. వాటిని పట్టుకుని ఒక్కొక్క మెట్టే ఎక్కుతూ, 1843లో పెళ్లాడిన థామస్ అనే వ్యక్తి దాకా వచ్చాను. అతని తండ్రి విలియం, వ్యవసాయ కూలీ. ఈ విలియం మా అత్తగారి తాతకు ముత్తాత. 1851 జనాభా లెక్కల్లో అతని వయసు 56, 1861 లెక్కల్లో 67. రెండుసార్లూ పుట్టిన ఊరు ఒక్కటే, దక్షిణ వార్విక్‌షైర్‌లోని ఒక చిన్న పల్లె. 1818లో శారాతో అతని పెళ్లి ఆ ఊరి చర్చి రిజిస్టరులోనే దొరికింది. సంతకం చేయవలసిన చోట అతను ఇంటూ గుర్తు పెట్టాడు. సాక్షులు ఇద్దరు. ఒకరు అదే ఇంటిపేరు గల హన్నా. రెండోవాడి పేరు అటూ ఇటూ పేజీల్లోని ప్రతి పెళ్లి కిందా కనబడుతోంది కాబట్టి చర్చి గుమాస్తా అనుకుంటున్నాను. తండ్రి పేరు ఎక్కడా లేదు.

చిక్కు ఇక్కడే వచ్చింది. ఆ ఊరి బాప్తిస్మాల రిజిస్టరులో అదే ఇంటిపేరుతో ఇద్దరు విలియంలు ఉన్నారు. ఒకడు థామస్, మేరీల కొడుకు, 1794 జనవరిలో బాప్తిస్మం. రెండోవాడు థామస్, ఎలిజబెత్‌ల కొడుకు, 1795 నవంబరులో. తండ్రుల పేర్లు కూడా ఒకటే కావడం నా ఖర్మ. జనాభా లెక్కల్లోని రెండు వయసులూ ఇద్దరిలో ఎవరికీ పూర్తిగా అతకడం లేదు. ఇంటర్నెట్‌లో ఇతరులు పెట్టిన వంశవృక్షాలు ముప్ఫైకి పైగా చూస్తే, అన్నింటిలోనూ రెండోవాడినే మా విలియంగా చూపించారు. కారణం మాత్రం ఒక్కరూ రాయలేదు. మొదటివాడి పేరు పక్కన మార్జినులో చిన్నగా 'పీ' అనే అక్షరం ఉంది, అదేమిటో తెలియలేదు. వీలునామాలు వెతకమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు గాని, పొలం పనికి పోయే కూలీవాడికి రాసి ఇవ్వడానికి ఏముంటుంది? తెలిసినవారు దారి చూపించగలరు.

పాతదస్తావేజు

కావెంట్రీవాసి గారికి నమస్కారం. నేను గుంటూరు జిల్లాలో రిజిస్ట్రేషన్ శాఖలో ముప్ఫై ఏళ్లు పనిచేసి, ఇప్పుడు లెస్టర్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. ఊసుపోక మొదలుపెట్టిన పని ఇప్పుడు వ్యసనమైంది. ఇక్కడి పారిష్ (ఒక చర్చి పరిధిలోని ఊరు) రిజిస్టర్లను చూసి ఎత్తిరాసే స్వచ్ఛంద బృందంలో ఆరేళ్లుగా ఉన్నాను.

ముందుగా ఆ ముప్ఫై వంశవృక్షాలను పక్కన పెట్టండి. అవి ముప్ఫై సాక్ష్యాలు కావు. ఒకరు రాసినదాన్ని ఇరవై తొమ్మిదిమంది ఎక్కించుకున్నారు. సూచికలో ఒక పేరు దొరకడం వేరు, ఆ పేరు గలవాడు మీవాడే కావడం వేరు. పైగా సూచికలో మార్జిను కనబడదు. మీ ప్రశ్నలో నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించినది ఆ 'పీ' అక్షరమే.

1783లో ఇంగ్లండు ప్రభుత్వం పారిష్ రిజిస్టరులో రాసే ప్రతి పద్దుకూ మూడు పెన్నీల పన్ను వేసింది. బాప్తిస్మమైనా, పెళ్లయినా, భూస్థాపన అయినా కట్టవలసిందే. నిరుపేదలకు మాత్రం మినహాయింపు ఉండేది. అందువల్ల పన్ను కట్టనివారి పేరు పక్కన 'పాపర్' (నిరుపేద) అనో, క్లుప్తంగా 'పీ' అనో పాదిరీలు రాసుకునేవారు. ఈ పన్ను 1794లో రద్దయింది. మీ మొదటి విలియం బాప్తిస్మం 1794 జనవరిలో, అంటే పన్ను ఇంకా అమలులో ఉండగానే జరిగింది. కాబట్టి అతని తండ్రి థామస్ మూడు పెన్నీలు కూడా ఇచ్చుకోలేని స్థితిలో ఉన్నాడని అర్థం కావచ్చు. కావచ్చు అని ఎందుకు అంటున్నానంటే, ఇంటి దగ్గరే జరిగిన బాప్తిస్మానికి కూడా కొందరు ఇదే అక్షరాన్ని వాడేవారు. ఆ పేజీకి ముందూ వెనుకా నాలుగైదు పేజీలు తిప్పి, ఎక్కడైనా ఆ మాట పూర్తిగా రాసి ఉందేమో చూడండి. ఒకే పాదిరీ చేతిరాతలో ఒకే గుర్తుకు సాధారణంగా ఒకే అర్థం ఉంటుంది.

ఈ పన్ను వల్ల ఇంకొక తిరకాసు ఉంది. దాన్ని తప్పించుకోవడానికి బాప్తిస్మాన్ని ఏళ్ల తరబడి వాయిదా వేసినవారు ఉన్నారు. రద్దయిన తరువాత ముగ్గురు నలుగురు పిల్లలకు ఒకేసారి చేయించినవారూ ఉన్నారు. బాప్తిస్మం తేదీ పుట్టినతేదీ కాదు. 1795 నవంబరులో బాప్తిస్మం పొందిన రెండోవాడు ఎప్పుడు పుట్టాడో ఆ పద్దు ఒక్కటే చెప్పలేదు. ఇక జనాభా లెక్కల్లోని వయసు చదువురాని మనిషి తలుపు దగ్గర నిలబడి నోటితో చెప్పినది, అంతే. మన పల్లెల్లో పెద్దవాళ్లను వయసు అడిగితే ఫలానా తుఫాను వచ్చిన ఏడు పుట్టానని చెప్పేవారు చూడండి, అలాంటిదే అనుకోండి. రెండేళ్ల తేడాను పట్టుకుని తీర్పు చెప్పకూడదు.

అందుచేత మీరు చేయవలసిన మొదటి పని బాప్తిస్మాల రిజిస్టరును మూసి భూస్థాపనల రిజిస్టరును తెరవడం. ఇద్దరిలో ఒకడు పసితనంలోనే పోయి ఉంటే సమస్య సగం తీరిపోతుంది. ఆ కాలంలో ఇది చాలా మామూలు సంగతి. పోయిన బిడ్డ పేరే తరువాతి బిడ్డకు పెట్టేవారు కాబట్టి ఒకే తల్లిదండ్రులకు ఇద్దరు విలియంలు కూడా ఉండవచ్చు. ఒక పేజీ చిరిగిపోయిందనో, తడిసిపోయిందనో ఆగిపోకండి. 1598 నుంచి ప్రతి పారిష్ ఏడాదికొకసారి రిజిస్టరుకు నకలు తీసి బిషప్ కార్యాలయానికి పంపాలి. వాటిని బిషప్ ట్రాన్‌స్క్రిప్టులు అంటారు. మీ ఊరు వార్విక్‌షైర్ జిల్లాలోదే అయినా దక్షిణ భాగం పారిష్‌లు చాలావరకు వూస్టర్ డయోసిస్ (బిషప్ అధికార పరిధి) కిందివి. కాబట్టి అసలు రిజిస్టరు వార్విక్‌లోని కౌంటీ రికార్డ్ ఆఫీసులో ఉంటే, నకలు వూస్టర్‌లో ఉంటుంది. రెవెన్యూ జిల్లా వేరు, చర్చి సరిహద్దు వేరు. ఇది తెలియక నేను మొదటి ఏడాదంతా తప్పు ఊళ్లో వెతికాను.

నకలు అసలును పొల్లుపోకుండా అనుసరిస్తుందని మాత్రం అనుకోవద్దు. రాసేవాడి బద్ధకం కొద్దీ తల్లి పేరు ఎగిరిపోతుంది, ఒక్కోసారి అసలులో లేని ముక్క నకలులో కనబడుతుంది. మా కార్యాలయంలో నకళ్లు రాసినవాడిగా ఈ మాట చెబుతున్నాను.

ఊస్‌నది ఒడ్డున

కావెంట్రీవాసి గారూ, పాతదస్తావేజు గారు రిజిస్టర్ల సంగతి చెప్పారు కాబట్టి నేను వీలునామాల దగ్గర మొదలుపెడతాను. నేను యార్క్‌లో ఉంటాను. చరిత్ర విద్యార్థినిగా ఇక్కడికి వచ్చి, బోర్త్‌విక్ ఇన్‌స్టిట్యూట్ అనే పాత పత్రాల భాండాగారంలోని వీలునామాలు చదవడంలో పడి మళ్లీ తేరుకోలేదు.

కూలీవాడికి వీలునామా ఎందుకుంటుంది అని మీరు అడిగారు. ఉండకపోవచ్చు. మీరు వెతకవలసినది అతని వీలునామా కాదు, అతని పేరు ఎవరి వీలునామాలో ఉందో అది. మీరున్న వార్విక్‌షైర్‌లోనే దీనికి అందరికీ తెలిసిన కుటుంబం ఒకటి ఉంది కాబట్టి దానినే ఉదాహరణగా తీసుకుంటాను.

షేక్‌స్పియర్ తన భార్యకు రాసిచ్చిన రెండో రకం మంచం గురించి అందరూ మాట్లాడతారు. నాకు అంతకంటే విలువైనది ఒక గొర్రెల కాపరి వీలునామా. షేక్‌స్పియర్ భార్య యాన్ ఎవరి కూతురో తేల్చడానికి పారిష్ రిజిస్టర్లు ఏమాత్రం పనికిరావు. స్ట్రాట్‌ఫర్డ్ రిజిస్టరు 1558తో మొదలవుతుంది, ఆమె అంతకు ముందే పుట్టింది. సమాధి ఫలకం మీద 1623 ఆగస్టు 6న అరవై ఏడేళ్ల వయసులో మరణించిందని ఉంది కాబట్టి లెక్క కట్టుకోవచ్చు. ఆమె బాప్తిస్మం పద్దు లేదు, పెళ్లి పద్దు కూడా దొరకలేదు. దొరికినవి వూస్టర్ బిషప్ కార్యాలయపు కాగితాలు రెండే. 1582 నవంబరు 27న పెళ్లి లైసెన్సుల రిజిస్టరులో వధువు పేరు టెంపుల్ గ్రాఫ్టన్‌కు చెందిన యాన్ వాట్లీ అని ఉంది. మర్నాడు రాసిన నలభై పౌన్ల పూచీకత్తు పత్రంలో స్ట్రాట్‌ఫర్డ్‌కు చెందిన యాన్ హాథ్‌వే అని ఉంది. ఒక్క రోజు తేడాలో ఇంటిపేరూ మారింది, ఊరూ మారింది. దీనిమీద కథలు అల్లినవారికి కొదవలేదు. మొదటి పద్దు గుమాస్తా పొరపాటు అన్నదే నాకు నమ్మదగినదిగా తోస్తుంది.

ఇక వీలునామాలు చూడండి. షాటరీ గ్రామపు రైతు రిచర్డ్ హాథ్‌వే 1581లో రాసిన వీలునామాలో కూతురు ఆగ్నస్‌కు, ఆమె పెళ్లిరోజున చెల్లించేలా పది మార్కులు ఇచ్చాడు. మార్కు అంటే 13 షిల్లింగుల 4 పెన్నీలు, కాబట్టి మొత్తం 6 పౌన్ల 13 షిల్లింగుల 4 పెన్నీలు. ఆగ్నస్, యాన్ అనే పేర్లను ఆ రోజుల్లో ఒకదానికి బదులుగా ఒకటి వాడేవారు. అయినా ఆ ఆగ్నస్ ఈ యాన్ అని చెప్పడానికి అంతమాత్రం చాలదు. అదే వీలునామాలో తన గొర్రెల కాపరి థామస్ విటింగ్టన్‌కు తాను బాకీ ఉన్నట్లు కూడా రిచర్డ్ రాశాడు. ఇరవై ఏళ్ల తరువాత, 1601లో, ఆ కాపరి తన వీలునామా రాస్తూ, విలియం షేక్‌స్పియర్ భార్య యాన్ చేతిలో తనవి నలభై షిల్లింగులు ఉన్నాయనీ, అవి స్ట్రాట్‌ఫర్డ్ పేదలకు చెందాలనీ చెప్పాడు. హాథ్‌వే ఇంటి కాపరి డబ్బు షేక్‌స్పియర్ ఇంటి కోడలి దగ్గర ఉండటానికి ఆమె హాథ్‌వే ఇంటి ఆడపడుచు కావడం కంటే సహజమైన కారణం ఏముంటుంది? పూచీకత్తు పత్రం మీద పూచీ పడిన ఇద్దరు రైతులూ షాటరీవారే, రిచర్డ్ వీలునామాలో కనబడినవారే. మీ 1818 పెళ్లి సాక్షి హన్నాను వదలవద్దని చెప్పడానికి ఇంత దూరం వెళ్లాను.

నాకు తోచిన దారి ఇది. 1858 జనవరి 12కు ముందు ఇంగ్లండులో వీలునామాలకు ప్రొబేట్, అంటే చెల్లుబాటు ధ్రువీకరణ, ఇచ్చేవి చర్చి కోర్టులు. ఒక్క డయోసిస్‌లో ఆస్తి ఉన్నవారివి ఆ బిషప్ కోర్టుకు, అంటే మీ విషయంలో వూస్టర్‌కు వెళ్లేవి. ఒకటి కంటే ఎక్కువ డయోసిస్‌లలో ఆస్తి ఉంటే కాంటర్‌బరీ ఆర్చిబిషప్ ప్రెరోగేటివ్ కోర్టుకు వెళ్లేవి. ఆ కోర్టు వీలునామాలు పది లక్షలకు పైగా లండన్‌లోని క్యూ అనే చోట నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, ఇంటినుంచే చూడవచ్చు. వీలునామాల విషయంలో మీది అదృష్టమైన ప్రాంతమే. డెవన్‌వారివి చాలావరకు 1942లో ఎక్సెటర్ మీద పడిన బాంబులకు కాలిపోయాయి.

వూస్టర్ సూచికలో మీ ఇంటిపేరు గలవారిని, ఆ ఊరివారిని, 1790 నుంచి 1858 దాకా అందరినీ రాసుకోండి. అందులో పెళ్లికాని స్త్రీలను, వితంతువులను ముందు చదవండి. భర్త బతికి ఉండగా స్త్రీ అతని అనుమతి లేకుండా వీలునామా రాయడానికి 1882 చట్టం వచ్చేదాకా వీలు లేదు కాబట్టి, ఆ రోజుల్లో స్త్రీల వీలునామా అంటే దాదాపుగా వీరివే. సొంత బిడ్డలు లేని మేనత్త తన గిన్నెలూ దుప్పట్లూ ఎవరెవరికి చెందాలో పేరుపేరునా రాస్తుంది. భూమి ఉన్న పెద్దమనిషి అలా రాయడు. పెద్దకొడుక్కి భూమి ముందే ముట్టి ఉంటుంది కాబట్టి వీలునామాలో అతని పేరే ఉండకపోవచ్చు, లేదా ఒక షిల్లింగు మాత్రమే ఉండవచ్చు. షిల్లింగు ఇచ్చాడు కాబట్టి కొడుకుని వెళ్లగొట్టాడని అనుకుంటే పొరపాటు.

చదివేటప్పుడు ఒక జాగ్రత్త. ఇంగ్లీషు బంధుత్వపు మాటలు మన మాటల్లాగా గట్టివి కావు. పాత వీలునామాలో కజిన్ అంటే మేనల్లుడు కావచ్చు, దూరపు చుట్టం కావచ్చు. సన్ ఇన్ లా అంటే అల్లుడే కానక్కరలేదు, భార్య మొదటి పెళ్లి కొడుకు కూడా కావచ్చు. అన్నదమ్ముడినీ, బావనూ, తోడల్లుడినీ అందరినీ బ్రదర్ అనే ఒక్క మాటలో చుట్టేస్తారు. నేను ప్రతి వీలునామాలోని వారసులనూ తెలుగులోకి మార్చి రాసుకుంటాను. తెలుగులో రాయాలంటే ఎవరి వైపు చుట్టమో, పెద్దా చిన్నా అన్నది తేల్చుకోక తప్పదు. ఎక్కడ కలం ఆగిందో, అక్కడ నాకు ఆధారం లేదని తెలిసిపోతుంది.

ల్యాబ్‌కోటు

ఇంత శ్రమ ఎందుకండీ? మీ అత్తగారి చేత డీఎన్ఏ పరీక్ష చేయిస్తే సరిపోదా?

ఊస్‌నది ఒడ్డున

చేయించవచ్చు, తప్పులేదు. కాని ఐదు తరాల పైనున్న మనిషినుంచి ఆమెకు సగటున వచ్చేది ముప్ఫై రెండో వంతు. ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరు గల ఆ ఇద్దరు థామస్‌లు అన్నదమ్ముల బిడ్డలైతే, వాళ్లిద్దరి సంతతితోనూ ఆమె డీఎన్ఏ ఎంతో కొంత కలుస్తుంది. ఎవరి కొడుకు అన్న ప్రశ్న మళ్లీ కాగితాల దగ్గరకే వస్తుంది.

కావెంట్రీవాసి

అందరికీ ధన్యవాదాలు. ఏడు వారాల తరువాత మళ్లీ రాస్తున్నాను.

ముందు 'పీ' సంగతి చెబుతాను. పాతదస్తావేజు గారు చెప్పినట్లు పేజీలు తిప్పితే, అదే చేతిరాతలో 1791లో ఒకచోట 'పాపర్' అన్న మాట పూర్తిగా కనబడింది. 1795 తరువాత మార్జినులో ఆ అక్షరం మళ్లీ ఎక్కడా లేదు. పన్ను పోయాక దాని అవసరం తీరిపోయిందన్నమాట.

భూస్థాపనల రిజిస్టరులో 1796 నుంచి 1798 దాకా పేజీలు కింది సగం తడిసి, సిరా అలుక్కుపోయి ఉన్నాయి. ఒక గురువారం సెలవు పెట్టి వూస్టర్‌కు వెళ్లాను. అక్కడి రికార్డులు ది హైవ్ అనే బంగారు రంగు రేకుల భవనంలో, గ్రంథాలయంతో కలిసి ఉన్నాయి. బిషప్ ట్రాన్‌స్క్రిప్టులో 1797 ఏప్రిల్ కింద ఇలా ఉంది: "విలియం, థామస్ కొడుకు, పసివాడు." అంతే. తల్లి పేరు లేదు! నకలు రాసినవాడి బద్ధకం గురించి మీరు ముందే హెచ్చరించారు కాబట్టి ఏడవకుండా ఊరుకున్నాను. ఇద్దరిలో ఒకడు పోయాడని తెలిసింది, ఎవడన్నది తెలియలేదు.

అప్పుడు వీలునామాల సూచిక తీశాను. ఆ ఇంటిపేరుతో, ఆ చుట్టుపక్కల ఊళ్లలో, డెబ్బై ఏళ్ల వ్యవధిలో పదకొండు మంది ఉన్నారు. ఊస్‌నది ఒడ్డున గారి మాట ప్రకారం అందులో ఉన్న ఒకే ఒక్క అవివాహితను ముందు చదివాను. ఆమె పేరు హన్నా! 1832లో రాసిన వీలునామా. ఆమె అదే ఊళ్లో ఒక పెద్దింట్లో వంటమనిషి. కాగితం ఒక్కటే, రెండు వైపులా రాసి ఉంది. రాత చూడగానే మా తాతగారి పెట్టెలో ఉన్న కరణం గొలుసుకట్టు కాగితాలు గుర్తొచ్చాయి. ఎక్కడ మాట ఆగుతుందో, ఎక్కడ మొదలవుతుందో తెలియదు. నాలుగు గంటలు కూర్చుని ఎత్తిరాసుకున్న ముక్క ఇది:

"దివంగతుడైన నా సోదరుడు థామస్‌కు, అతని భార్య మేరీకి కుమారుడును, ఈ గ్రామమున కూలిపని చేసుకొనువాడును అయిన నా నెవ్యూ విలియంకు అయిదు పౌన్లును, నా ఈకల పరుపును, అతని పిల్లలు థామస్, హన్నా, యాన్‌లకు ఒక్కొక్కరికి ఒక్కొక్క పౌను."

మా విలియం పిల్లలు సరిగ్గా ఆ ముగ్గురే, ఆ వరుసలోనే. 1813 నుంచి వాడిన అచ్చు ఫారాల్లో తండ్రి వృత్తి, నివాసం కూడా రాసేవారు కాబట్టి ఆ ముగ్గురి బాప్తిస్మాల్లోనూ కూలీ విలియం, శారాల పేర్లు స్పష్టంగా ఉన్నాయి. 1818 పెళ్లిలో సాక్షిగా నిలబడిన హన్నా మేనత్త అయి ఉంటుంది. ఆ పెళ్లి రిజిస్టరులోనూ, ఈ వీలునామా అడుగునా ఆమె సంతకం పక్కపక్కన పెట్టి చూశాను. పేరులోని మొదటి అక్షరం అడ్డగీతను రెండుచోట్లా ఒకేలా కిందికి వంచి రాసింది. మేనల్లుడికి ఇంటూ గుర్తు తప్ప రాదు, మేనత్తకు మాత్రం సంతకం చేయడం వచ్చు.

అంటే ముప్ఫై వంశవృక్షాలూ తప్పు. మావాడు మార్జినులో 'పీ' ఉన్న విలియం. మా అత్తగారికి ఫోన్ చేసి, మీవాళ్లు మూడు పెన్నీల పన్ను కట్టలేక మినహాయింపు పొందినవారు అని చెబితే, ఆమె కాసేపు మాట్లాడలేదు. తరువాత "ఈకల పరుపు ఎవరి దగ్గర ఉందో కూడా కనుక్కో" అన్నారు.

ఊస్‌నది ఒడ్డున

చాలా సంతోషం. అయినా రెండు ముడులు బిగించుకుంటే మంచిది. మొదటిది, నెవ్యూ అన్న మాట పాతకాలంలో మనవడికి కూడా వాడేవారు. మీ వీలునామా 1832 నాటిది, పైగా సోదరుడి కుమారుడని విడమరచి రాసింది కాబట్టి ఇక్కడ ఆ అనుమానం లేదు. స్త్రీకి సోదరుడి కొడుకు కాబట్టి తెలుగులో నిస్సందేహంగా మేనల్లుడు అని రాసుకోవచ్చు. నా కలం ఆగలేదు. రెండోది, అదే ఇంటిపేరుతో మూడో విలియం పక్క ఊళ్లో బాప్తిస్మం పొంది ఈ ఊరికి వచ్చాడేమో చూడాలి. ఐదారు మైళ్ల లోపు పారిష్‌లన్నీ ఒకసారి తిరగేయండి. ఎవరూ కనబడకపోతే 1797లో పోయిన పసివాడు ఎలిజబెత్ కొడుకే అని రాసుకోండి, కాని ఆ ముక్క పక్కన ఊహ అని పెన్సిలుతో గుర్తు పెట్టండి. మేరీ కొడుకు మీవాడన్నది నిర్ధారణ, ఎలిజబెత్ కొడుకు పోయాడన్నది దానినుంచి తీసిన ఊహ. రెంటినీ ఒకే సిరాతో రాయకూడదు.

ఒక విన్నపం. ఆ ముప్ఫైమందిలో కనీసం ఒకరికైనా వీలునామా వివరాలతో ఉత్తరం రాయండి. దిద్దుకుంటారన్న ఆశ నాకు పెద్దగా లేదు గాని, తరువాత వెతికేవారికి ఆ జవాబు కనబడుతుంది.

కావెంట్రీవాసి

పక్క పారిష్‌లు ఏడింటివి చూశాను. మూడో విలియం లేడు. ఎలిజబెత్ కొడుకు పక్కన పెన్సిలు గుర్తు పెట్టాను. ఇద్దరికి ఉత్తరాలు రాశాను. ఒకరు వెంటనే దిద్దుకున్నారు, రెండోవారు తమ వంశవృక్షానికి వేలమంది బంధువులు ఉన్నారని, ఇప్పుడు మార్చడం కుదరదని జవాబిచ్చారు.

ఇప్పుడు కొత్త చిక్కు. మేరీ భర్త థామస్ బాప్తిస్మం ఆ ఊళ్లో ఎక్కడా దొరకడం లేదు. 1750నుంచి 1775దాకా చూశాను. మేరీతో పెళ్లి మాత్రం 1789లో అక్కడే జరిగింది. పెళ్లి పద్దులో వరుడు "ఈ పారిష్‌వాడు" అనే ఉంది.

పాతదస్తావేజు

"ఈ పారిష్‌వాడు" అంటే అక్కడ పుట్టినవాడని కాదండీ, పెళ్లినాటికి అక్కడ నివాసం ఉన్నవాడని మాత్రమే. నాలుగు వారాలు ఉన్నా అలా రాసేవారు.

మీ థామస్ పేదవాడు కావడం మీకు మేలు చేస్తుంది. 1662 చట్టం ప్రకారం ప్రతి పేదవాడికీ ఒక సొంత పారిష్ ఉండాలి. అతనికి కష్టం వస్తే పోషించవలసిన భారం ఆ పారిష్‌దే. బయటి ఊరినుంచి వచ్చిన కూలీ తమ మీద పడతాడేమోనన్న భయంతో ఊరి పెద్దలు అతన్ని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టి, ఎక్కడ పుట్టావు, ఎవరి దగ్గర ఎన్నాళ్లు జీతానికి ఉన్నావు, ఎంత అద్దె కట్టావు అని అడిగి వాంగ్మూలం రాయించేవారు. కొందరిని సొంత పారిష్‌కు పంపించేస్తూ ఉత్తర్వు ఇచ్చేవారు. కొందరు ముందుగానే సొంత పారిష్‌నుంచి, ఇతను మావాడే అని పత్రం తెచ్చుకునేవారు. కలిగినవాడి గురించి ఇంత వివరం ఏ కాగితంలోనూ ఉండదు.

ఇవి బాప్తిస్మాల రిజిస్టర్లలో ఉండవు, సూచికల్లోకి కూడా అన్నీ ఎక్కలేదు. వార్విక్ రికార్డ్ ఆఫీసులో ఆ పారిష్ కాగితాల జాబితా అడిగి, అందులో పేదల పోషణాధికారుల కట్ట ఉందేమో చూడండి. 1785 నుంచి 1795 మధ్య వాంగ్మూలాలు ముందు తీయండి. మొదటి బిడ్డ పుట్టబోయే ముందు ఊరి పెద్దలకు ఈ అనుమానం ఎక్కువగా వచ్చేది.

కావెంట్రీవాసి

జాబితాలో ఆ కట్ట ఉంది. 1768 నుంచి 1801 దాకా నూట నలభై కాగితాలు, సూచిక లేదు. వచ్చే మంగళవారానికి బల్ల కేటాయించుకున్నాను. మా అత్తగారు కూడా వస్తానంటున్నారు.